మెడల్‌కి ఇస్తారు, జీతానికి ఇవ్వరు: సైన్స్ సంఘాల విరాళాల వెనక కథ

సైన్స్ సంఘానికి విరాళం అనగానే వచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ డబ్బు ఫలానా కార్యక్రమానికేనా, లేక అవసరమైన చోట వాడుకోవచ్చా? ఇచ్చేవాళ్లకు సహజంగా మొదటిది నచ్చుతుంది, సంఘం నడిపేవాళ్లకు కావాల్సింది రెండోది. ఈ పేచీ మూడు వందల ఏళ్లకు పైగా నడుస్తోంది.

లండన్‌లో రాయల్ సొసైటీ 1660లో మొదలైనప్పుడు పెట్టుకున్న రూలు సింపుల్: చేరేటప్పుడు పది షిల్లింగులు, ఆ తర్వాత వారానికో షిల్లింగు. 1662లో రాజుగారి చార్టర్ (గుర్తింపు పత్రం) వచ్చింది, పేరులో రాయల్ అనీ చేరింది గానీ, ఖజానా నుంచి ఏటేటా ఇంత అని వచ్చిందేమీ లేదు. చందాలేమో బకాయిలు.

1686లో ఈ సొసైటీ చేపల మీద బొమ్మలతో ఓ పెద్ద లాటిన్ పుస్తకం వేసింది. ప్రకృతి శాస్త్రవేత్త విలుబీ మొదలుపెట్టి చనిపోతే అతని సహచరుడు జాన్ రే పూర్తిచేసిన పని అది. బొమ్మల ఖర్చుకు దాతలు దొరికారు, ఎందుకంటే డబ్బిచ్చినవాళ్ల పేరు ఆ బొమ్మ కిందే చెక్కించారు. అప్పటి అధ్యక్షుడు పెపిస్ ఒక్కడే బోలెడు బొమ్మలకు ఇచ్చాడు. బొమ్మలైతే వచ్చాయి, పుస్తకం మాత్రం అమ్ముడుపోలేదు. న్యూటన్ చలన నియమాల పుస్తకం ‘ప్రిన్సిపియా’ అచ్చు వేయాల్సి వచ్చేసరికి సొసైటీ దగ్గర డబ్బు లేదు, ఖగోళ శాస్త్రవేత్త హాలీ తన జేబులోంచి పెట్టుకుని మరుసటి ఏడు అచ్చు వేయించాడు. అదే హాలీ సొసైటీలో క్లర్కు, అతనికి రావాల్సిన జీతం కింద చేతిలో పెట్టింది ఏమిటయ్యా అంటే ఆ చేపల పుస్తకం కాపీలు!

తర్వాత వీలునామాల కాలం. 1709లో చనిపోయిన సర్ గాడ్‌ఫ్రీ కాప్లీ ప్రయోగాల కోసమని సొసైటీకి 100 పౌండ్లు రాసిపెట్టాడు. అసలు సొమ్ము కదపకుండా వడ్డీతో నడపడం, అంటే ఇవాళ కార్పస్ ఫండ్ అంటున్నదే. 1731 నుంచి దాన్ని బహుమతిగా ఇవ్వడం మొదలైంది, మొదట అందుకున్నది విద్యుత్తు మీద పనిచేసిన స్టీఫెన్ గ్రే. 1736లో దాన్ని బంగారు పతకం చేశారు. ప్రయోగం ఖర్చుకని ఇచ్చిన సొమ్ము మెల్లగా సన్మానం అయిపోయింది. నా మటుకు నాకు ఇది కాస్త నష్టమే అనిపిస్తుంది, కానీ కాప్లీ పేరు ఇవాళ్టికీ నిలిచింది అందుకే.

మన దగ్గర ఈ కథ ఇంకా ఘాటుగా నడిచింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో కలకత్తాలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ పెట్టాడు. జనం విరాళాలతో, పూర్తిగా మనవాళ్ల చేతుల్లోనే నడవాలన్నది ఆయన పట్టు. ల్యాబుకు విజయనగరం మహారాజా డబ్బిచ్చాడు, అది విజయనగరం లేబొరేటరీ అయింది. అయితే పూర్తికాలం పనిచేసే ప్రొఫెసర్లకు జీతాలివ్వడానికి శాశ్వత నిధి కావాలని సర్కార్ ఎంత మొత్తుకున్నా సమకూరలేదు. సైన్స్ పాఠాలు చెప్పే క్రైస్తవ మతగురువు ఫాదర్ లాఫోంట్ లాంటివాళ్లు ఊరికే వచ్చి చెప్పే ఉపన్యాసాలతో నెట్టుకొచ్చి, తన ప్రయత్నం ఫలించలేదన్న బాధతోనే 1904లో ఆయన పోయాడు.

అలాగని గోడలకీ పరికరాలకీ ఇచ్చినవాళ్లను తీసిపారేయలేం. 1907లో కలకత్తా వచ్చిన ఆర్థికశాఖ ఉద్యోగి సి.వి.రామన్ ఆఫీసుకు ముందూ తర్వాతా పనిచేసుకున్నది ఈ అసోసియేషన్‌లోనే. 1917లో ఆయన ప్రభుత్వ ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరిన పాలిత్ ప్రొఫెసర్ పదవి కూడా విరాళంతో పుట్టిందే, లాయర్ తారక్‌నాథ్ పాలిత్ ఇచ్చిన ఆస్తితో. జీతం ఒక దాత పుణ్యం, ల్యాబు వేరే దాతల పుణ్యం. 1928లో రామన్ ఎఫెక్ట్ (పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) ఈ రెండూ కలిసిన చోట బయటపడింది.

మహేంద్రలాల్ సర్కార్ అడిగిన ప్రొఫెసర్ పదవి ఆయన పేరుతోనే వచ్చింది, 1933లో రామన్ సహచరుడు కె.ఎస్.కృష్ణన్ అందులో చేరాడు. అప్పటికి సర్కార్ పోయి 29 ఏళ్లు.