ఇంటెలా, ఏఎండీయా: నలభై ఏళ్ల పంచాయితీ

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకున్నవాళ్లకు "ఏఎండీ అయితే వేడెక్కుద్ది సార్" అన్న మాట కొత్తది కాదు. ఆ మాట ఎప్పటిదో, ఎంత నిజమో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ చిప్‌లు చేసే రెండు అమెరికా కంపెనీలు ఇంటెల్, ఏఎండీ. అసలు ఈ ఇద్దరినీ కలిపింది కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది ఇంటెల్ 8088 చిప్. ఒక్కరి మీదే ఆధారపడితే రేపు సరుకు ఆగిపోతే ఎలా అని, అదే చిప్‌ను ఇంకో కంపెనీ కూడా తయారుచేయాలని ఐబీఎం పట్టుబట్టింది. అలా 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం రాసుకున్నాయి. వ్యాపారం పుంజుకున్నాక ఇంటెల్ మనసు మారింది. 1985లో తెచ్చిన 386 చిప్ డిజైన్‌ను ఏఎండీకి ఇవ్వలేదు. గొడవ మధ్యవర్తి దగ్గర మొదలై, కోర్టుల చుట్టూ తిరిగి, 1995లో గానీ తేలలేదు. ఈలోగా 1991లోనే ఏఎండీ తన సొంత 386ను బజార్లోకి దింపింది.

దాంతో ఇంటెల్‌కు ఒక చిక్కొచ్చింది. 386 అనేది ఉత్త అంకె, దాని మీద ఎవరికీ హక్కు లేదని కోర్టు చెప్పేసింది. అందుకే 1993లో రావాల్సిన '586' కాస్తా పెంటియం అయింది. అంతకు ముందే, 1991లో 'ఇంటెల్ ఇన్‌సైడ్' ప్రచారం మొదలైంది. ఆ గుర్తు వేసి ప్రకటనలిచ్చిన కంప్యూటర్ కంపెనీలకు ఖర్చులో కొంత ఇంటెల్ భరించేది. లోపల ఎక్కడో ఉండే చిప్ పేరు మామూలు కొనుగోలుదారు నోట్లో నానిందంటే ఆ స్టిక్కర్ చలవే. 1994లో పెంటియం భాగహారాలు తప్పు చేస్తోందని బయటపడి, మార్పిడికి 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చినా ఆ పేరు చెక్కుచెదరలేదు.

ఇక వేడి సంగతి. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు వంద కోట్ల లయల వేగాన్ని ముందుగా అందుకున్నది ఏఎండీ ఆథ్లాన్ చిప్. అయితే వేడి మితిమీరితే తనంతట తానే వేగం తగ్గించుకునే ఏర్పాటు అప్పటి ఆథ్లాన్‌లో లేదు, పెంటియం 4లో ఉంది. చెడ్డపేరు అక్కడ అంటుకుంది. తమాషా ఏమిటంటే, 2004 నాటికి వేడితో సతమతమైంది పెంటియం 4. పేరు మాత్రం ఏఎండీకే మిగిలింది. 2003లో ఏఎండీ తెచ్చిన 64 బిట్ పద్ధతినే (ఒక్కసారికి 64 బిట్ల సమాచారాన్ని పట్టే తీరు) ఇంటెల్ మరుసటి ఏడాది తీసుకుంది. ఇంటెల్ మెషీన్‌లో వేసే డెబియన్ లినక్స్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఫైలు పేరులో ఇప్పటికీ 'ఏఎండీ64' అనే ఉంటుంది.

మంచి చిప్ ఉన్నా ఏఎండీ ఎందుకు ఎదగలేదు? కంప్యూటర్ కంపెనీలకు షరతులతో రాయితీలిచ్చి ఇంటెల్ దారి మూసిందని 2009లో యూరోపియన్ కమిషన్ 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022లో కోర్టు దాన్ని రద్దు చేసింది. కానీ 2009లోనే రాజీ కింద ఇంటెల్ ఏఎండీకి 125 కోట్ల డాలర్లు కట్టింది. నా లెక్కలో అసలు తీర్పు అదే.

తర్వాత ఏఎండీ తన తప్పుతోనే పడింది. 2011 నాటి బుల్డోజర్ చిప్ నిరాశపరిచింది. 2017లో రైజెన్ చిప్ వచ్చాకే లేచింది. అప్పటిదాకా మామూలు డెస్క్‌టాప్‌లలో ఏళ్ల తరబడి నాలుగు కోర్ల (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) దగ్గరే ఆగిన ఇంటెల్, అదే ఏడాది ఆరు కోర్లిచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు కొన్ని నిలకడ తప్పడంతో వారంటీ రెండేళ్లు పెంచాల్సి వచ్చింది.

అదే ఏడాది అక్టోబర్‌లో, ఫోన్లలో ఎక్కువగా వాడే ఆర్మ్ రకం చిప్‌ల తాకిడికి, తమ ఇద్దరి చిప్‌లూ నడిచే ఎక్స్86 పద్ధతిని కాపాడుకోవడానికి ఈ ఇద్దరూ కలిసి ఒక సలహా బృందం పెట్టుకున్నారు.