వంపులో స్వేచ్ఛ, మెట్లలో లెక్క

ఎలక్ట్రిక్ గిటార్‌కు గుల్లగా ఉండే పొట్ట అక్కరలేదు. తీగల కింద అమర్చే పికప్‌ అనే పరికరంలోని అయస్కాంతం మీద ఉక్కు తీగ కంపిస్తే, ఆ అయస్కాంతానికి చుట్టిన రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది. వినిపించే పని ఆంప్లిఫయర్‌ది. గాలిని కదిలించే భారం చెక్క మీద లేదు కనుకనే, చేత్తో గిటార్లు, బేస్ గిటార్లు చేసేవారికి శిల్పికున్నంత స్వేచ్ఛ దొరికింది. 1960లలో, తర్వాత క్వీన్ అనే రాక్ బృందపు గిటారిస్టు అయిన బ్రయాన్ మే తన తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్న గిటార్‌కు చలిమంట గూటి పాత చెక్కే మెడ అయింది. ఫలానా జాతి చెక్కలోనే నాదమంతా ఉందనే నమ్మకం మాత్రం, చెక్క నిజంగా చేసే పనికన్నా చాలా పెద్దది.

ఆ స్వేచ్ఛ మెడ దగ్గర ఆగిపోతుంది. స్థాయిని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన అర్ధస్వరాలుగా విభజిస్తే, మెడ మీద అడ్డంగా బిగించే ఒక్కొక్క మెట్టుకు, అంటే ఫ్రెట్‌కు, పౌనఃపున్యం 1.05946 రెట్లు పెరగాలి. అంటే మిగిలిన తీగ పొడవులో ప్రతిసారీ 17.817వ వంతు తగ్గాలి. 648 మి.మీ. తీగ గల గిటార్‌లో మొదటి ఫ్రెట్ తల వైపు తీగ మొదలయ్యే చోటి నుంచి 36.4 మి.మీ. దూరంలోనూ, పన్నెండవది సరిగ్గా సగంలోనూ పడతాయి. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 1581లో ల్యూట్ వాద్యానికి 18వ వంతు చాలన్నాడు. ఆ లెక్కన పన్నెండవ మెట్టు సగానికి సుమారు 2.4 మి.మీ. ముందే ఆగి, స్వరం కాస్త దిగుతుంది. అయితే నొక్కిన తీగ బిగిసి శ్రుతి కొంచెం పెరుగుతుంది కనుక, ఆ లోపం కొంత కప్పబడుతుంది. పాఠాల్లో గుణశ్రేఢిని కాగితం మీదే వదిలేయకుండా ఒక గిటార్ మెడను పిల్లల చేతికిచ్చి కొలవమంటే ఎంత బాగుండునో!

మందపు తీగ బిరుసుగా ఉండటంతో దాని అనుస్వరాలు (మూల స్వరంతోపాటే పలికే పై స్వరాలు) లెక్కకన్నా పైకి జరుగుతాయి. తీగను పొడవు చేసి, బిగువు పెంచితే ఆ దోషం తగ్గుతుంది. అందుకే కొందరు తయారీదారులు మందపు తీగలకు ఎక్కువ, సన్నని తీగలకు తక్కువ పొడవునిస్తారు. అప్పుడు ఒక్కొక్క తీగకు అదే 17.817 లెక్క విడిగా వర్తించి, ఫ్రెట్లన్నీ విసనకర్రలా విచ్చుకుంటాయి: మధ్యలో ఒక్కటి తీగలకు లంబంగా నిలిస్తే, మిగిలినవి అటూ ఇటూ వాలుతాయి. దేహం మీద తీగలు ఆనే బ్రిడ్జి కూడా ఏటవాలుగా మారుతుంది, చాలాసార్లు పికప్‌లూ వాటితోపాటే వాలుతాయి. గణితం విధించిన ఆ వాలుకు తగినట్లు దేహపు వంపులను చెక్కి, రెండూ ఒకే ఊహలో పుట్టాయనిపించే పనితనాన్నే నేను కళగా లెక్కిస్తాను. మెరుగు, పొదిగిన ముత్యపు చిప్ప ఆ తర్వాతి సంగతులు.