అపోహలు - వాస్తవాలు: మిలట్రీ జీపు మీద నెంబర్లు, గుర్తులు, కాల్ సైన్లు

నెల్లూరులో పాత జీపులు బాగుచేసి రంగులేసే పని నాది, బోర్డు రాతలతో మొదలుపెట్టి ఇటొచ్చా. షెడ్డుకొచ్చే ప్రతి రెండో మనిషీ ఒకటే మాట, "అన్నా, దీని మీద వైర్‌లెస్ కాల్ సైన్ ఉంది, ప్రపంచ యుద్ధంలో ఏ రెజిమెంట్‌దో తీయొచ్చంట కదా" అని. తీయలేం సామీ. కాల్ సైన్ అంటే వైర్‌లెస్‌లో మాట్లాడేది ఎవరో తెలియడానికి వాడే పిలుపు పేరు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నా.

అపోహ: బండి మీద రాసింది కాల్ సైన్, దాంతో చరిత్ర మొత్తం బయటికొస్తుంది

జనం డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తా. యుద్ధం టైములో కాల్ సైన్ బండికిచ్చేది కాదు, వైర్‌లెస్ నెట్‌లో ఆ యూనిట్‌కో ఆ హోదాకో ఇచ్చేది. ఆఫీసరు జీపు బురదలో దిగబడి ఆయన పక్క బండి ఎక్కితే కాల్ సైన్ కూడా ఆయనతోనే పోతుంది. పైగా అవతలోడు వింటాడని వాటిని మారుస్తా ఉండేవాళ్లు, మారిపోయేదాన్ని బానెట్ మీద పెయింటుతో ఎవడు రాస్తాడు చెప్పండి? బ్రిటిష్ వాళ్లు సన్‌రే అంటే కమాండరు, అకార్న్ అంటే ఇంటెలిజెన్స్, బ్లూబెల్ అంటే రిపేర్లు చూసే ఈఎంఈ వాళ్లు, అవన్నీ మైకులో నోటితో అనే పేర్లు. ఒకాయన బంపర్ మీద సన్‌రే అని రాయించుకోనొచ్చి మెరుగులు దిద్దమన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలీలా. యుద్ధం అయిపోయిన తర్వాతి కాలంలో బ్రిటిష్ ట్యాంకుల మీద 11ఏ, 22బీ లాంటి కాల్ సైన్లు రాసింది నిజమే, ఆ ఫోటోలు చూసి 1942 జీపు మీద దించేస్తున్నారు.

మరి జీపుల మీద నిజంగా ఏముండేది? అమెరికా జీపుకి బానెట్ పక్కల 20తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నెంబరు, బంపర్ మీద డివిజనూ రెజిమెంటూ కంపెనీ, ఆ కంపెనీలో బండి వరస నెంబరు. బ్రిటిష్, ఇండియన్ యూనిట్లలో అయితే ఎం అక్షరంతో నెంబరు, డివిజన్ గుర్తు, రంగు చదరంలో తెల్ల అంకె. ట్యాంకు రెజిమెంట్లలో స్క్వాడ్రన్‌కో ఆకారం, హెడ్‌క్వార్టర్స్‌కి డైమండు, ఏకి త్రికోణం, బీకి చదరం, సీకి గుండ్రం. వీటిల్లో ఒక్కటి కూడా కాల్ సైన్ కాదు.

ఇవి కూడా పెయింటే కదా, ఎవడైనా రాయొచ్చు, నేనే పూటలో రాస్తా. కావలి నుంచి ఒకబ్బాయి జీపు తెచ్చాడు, వాళ్ల నాయన మిలట్రీలో చేశాడంట, ఆయనకి చూపించాలని ఆశగా కొన్నాడు. నెంబరుందని అమ్మినోడు రేటు పెంచి మరీ అంటగట్టాడు. నెంబరు పక్కనే వాటర్ పేపర్ తడిపి రుద్దితే పచ్చ కింద తెలుపు, తెలుపు కింద పసుపు, దాని కింద రెడ్ ఆక్సైడు, ఆ కింద రేకు. నెంబరు అన్నిటికన్నా పై పొర మీదే ఉంది, అంచుల్లో మెరుపు కూడా పోలా. ముందు జాలీకి ఏడే గాడులు, స్టెప్నీ పక్కన, వెనక తెరిచే తలుపు. అది యుద్ధం తర్వాత పౌరులకి చేసిన సీజే మోడల్, సైదాపురం వైపు మైకా గనుల్లో ఇట్టాంటివి బాగా తిరిగాయి. ఆ పిల్లోడు కాసేపు మాట్లాడకుండా కూర్చుని "అయితే దేనికీ పనికిరాదా అన్నా" అన్నాడు. ఎందుకు పనికిరాదు, మంచి జీపు అబ్బయ్యా, చాసిస్ తుప్పు లేదు, చెప్పిన కథే అబద్ధం అన్నా.

కొనేముందు రాతలు వదిలేసి ఇనుము చూడండి. యుద్ధం నాటి జీపులు విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ, రెండిటికీ రేకుతో కొట్టిన జాలీలో తొమ్మిది గాడులుంటాయి. రేడియేటర్ కిందుండే అడ్డ కడ్డీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన దోనెలాగా ఉంటే ఫోర్డ్, ఫోర్డ్‌లో బోల్టు తలల మీద చిన్న ఎఫ్ అక్షరం కూడా కనపడుతుంది. చాసిస్ నెంబరు ఎడమ చాసిస్ రైలు (బండి కింద పొడుగు ఇనుప దూలం) ముందు భాగంలో ఉంటుంది, ఫోర్డ్‌కి రైలు మీదే పంచ్ కొట్టి, విల్లీస్‌కి లోపలి వైపు చిన్న ప్లేటు. ఆ ప్లేట్లు ఇప్పుడు కొత్తవి కూడా దొరుకుతున్నాయి, రివెట్లు కొత్తగా మెరుస్తుంటే అనుమానపడండి.

అపోహ: నెంబరు చివర ఎస్ ఉంటే సిగ్నల్స్ (వైర్‌లెస్ చూసే విభాగం) వాళ్ల బండి

కాదు. ఇంజిన్ కరెంటు గోల రేడియోలో వినపడకుండా సప్రెసర్లు వేసిన బండి అని అర్థం. పాత ట్రాన్సిస్టర్ పక్కన మోపెడ్ పోతే బర్రుమనేది చూడండి, అదే గోల. సెట్టు లేని బండికీ ఎస్ ఉంటుంది. సెట్టంటే గుర్తొచ్చింది, ఒంగోలు నుంచి ఒకరు 19 నెంబరు వైర్‌లెస్ సెట్టు తెచ్చి, దాని మీద రష్యన్ అక్షరాలున్నాయి కాబట్టి బండి రష్యాది అన్నారు. రష్యాకి పంపడానికి కెనడాలో చేసిన సెట్ల మీద ఇంగ్లీషూ రష్యనూ రెండూ ఉంటాయి, అంతే.

అపోహ: తెల్ల నక్షత్రం లేకపోతే మిలట్రీ జీపే కాదు

నక్షత్రం అమెరికా వాళ్లది, తర్వాత బ్రిటిష్ లాంటి మిత్రపక్షాలూ వాడాయి, చుట్టూ గుండ్రం గీసింది 1943 నుంచి. 1942 ఎడారి జీపు అంటా గుండ్రం పెట్టమంటే నేను పెట్టను.

అపోహ: పాత డివిజన్ గుర్తులే కదా, రోడ్డు మీద వేసుకుంటే ఎవరేమంటారు

నాలుగో ఇండియన్ డివిజన్ ఎర్ర గద్ద, పదిహేడో డివిజన్ నల్ల పిల్లి, ఇవి యుద్ధంతో పోలేదు, మన ఆర్మీ ఇప్పటికీ వాడుతోంది. పైకి చూసే బాణం నెంబరు కూడా అంతే, బాణం తర్వాత సంవత్సరం రెండంకెలు, రకం అక్షరం, సీరియల్. వేలంలో జోంగా (మన ఆర్మీ వాడిన జీపులాంటి బండి) కొన్నాక ఆ నెంబరు మీది కాదు, ఆర్టీఓ ఇచ్చిందే మీది. సూళ్లూరుపేట దారిలో బాణం నెంబరుతో పోతే, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ పక్కనే కదా, ఆపకుండా ఉంటారా? ఇంక ఆలివ్ గ్రీన్, 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 121వ రూలు చూడండి, డిఫెన్స్ బండ్లకి తప్ప వేయకూడదు, ఎంత బతిమాలినా రోడ్డు బండికి నేను వేయను. ఉత్తర ఆఫ్రికా ఇసుక రంగు వేయించుకోండి, చరిత్రకీ సరిపోద్ది, కానీ ఆర్సీలో రంగు మార్పించుకోవాల్సిందే.

నాయన నడిపిన జోంగా నెంబరు ఉంచుకోవాలనే వాళ్లుంటారు, ఆ బాధ నాకు అర్థమవుద్ది, వాళ్లకి చెక్క మీద రాసిస్తా, ఇంట్లో తగిలించుకోండి. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి 2021 రూలు ప్రకారం వీఏ అని వింటేజ్ నెంబరు తీసుకోవచ్చు, దాంతో రోజూ తిరగడం, బాడుగలకి తోలడం కుదరదు. నా దగ్గరికొచ్చే ముందు ఎడమ చాసిస్ రైలు మీద గ్రీజు గీకి, ఆ నెంబరు ఫోటో, ఆర్సీ జిరాక్సు తీసుకురండి, గుర్తుల సంగతి ఆ తర్వాత.