శుక్రవారం నిజ్వాలో అంతా మూసేస్తారా? అపోహలు - వాస్తవాలు

ఒమాన్ రాజధాని మస్కట్‌లో మనవాళ్ళకు ట్రిప్పులు ఏర్పాటు చేయడం నా పని. సముద్రం, పెద్ద మసీదు, మాల్స్ చూశాక కొందరు అడుగుతారు: "అసలైన అరబ్బు ఊరు ఎలా ఉంటుందో చూపించు." నేను నిజ్వా పేరు చెబుతాను. కోట, దాన్ని ఆనుకుని బజారు, వెనక ఖర్జూర తోటలు, ఎటు చూసినా కొండలు. ఒకప్పుడు ఒమాన్‌కు రాజధాని. మధ్యాహ్నానికల్లా కాలినడకన చుట్టేయొచ్చు. సరే అన్నాక మాత్రం దాదాపు ప్రతి ఒక్కరి నుంచీ ఒకటే మాట వస్తుంది: "శుక్రవారం వద్దన్నా, అరబ్బులకు సెలవు కదా. శనివారం పెట్టు."

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల మనవాళ్ళు పోగొట్టుకున్నంత ఇంకే అపోహ వల్లా పోగొట్టుకోలేదు. బండి అద్దె, పెట్రోలు, సెలవు రోజు అన్నీ ఖర్చు పెట్టి, ఆ ఊళ్ళో చూడాల్సిన అసలుదాన్ని వదిలేసి వస్తారు. ఎందుకంటే నిజ్వా మేకల సంత జరిగేది శుక్రవారం పొద్దున్నే.

శుక్రవారం సెలవన్నది నిజమే. ఒమాన్‌లో 2013 నుంచి వారాంతం శుక్ర, శనివారాలు. అంతకుముందు గురు, శుక్రవారాలు. అయితే సంత జరిగేదీ ఆ సెలవు రోజే. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, జబల్ అఖ్దర్ కొండ మీది వాళ్ళు, ఎడారి వైపు నుంచి బెదూయిన్లు అనే సంచార జాతివాళ్ళు తెల్లవారకముందే పికప్ బండ్లలో మేకలు, గొర్రెలు వేసుకుని దిగుతారు. అమ్ముకోవడం, కొనుక్కోవడం ముగించి, మధ్యాహ్నం జుమ్మా నమాజుకు వెళ్ళిపోతారు. నమాజుకు ముందు పని తెమలాలి కాబట్టి అంతా తొందరగా నడుస్తుంది. ఆరున్నర, ఏడుకల్లా ఊపందుకుంటుంది. తొమ్మిది దాటాక పల్చబడుతుంది.

ఇక రెండో రకం వాళ్ళు. శుక్రవారం వెళ్ళొచ్చని విని, హాయిగా లేచి, ఇడ్లీలు తిని, తొమ్మిదికి మస్కట్‌లో బండెక్కుతారు. దూరం దాదాపు 160 కిలోమీటర్లు. పదిహేనో నంబరు హైవే నున్నగా ఉంటుంది, అయినా రెండు గంటలు వేసుకోవాల్సిందే. పదకొండుకు దిగేసరికి సంత ఖాళీ, మిగిలింది పేడ వాసన. కాసేపటికి బజారు షట్టర్లు కూడా దిగిపోతాయి. మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో. ఎండలో ఆ మూసిన తలుపులకు ఫొటోలు తీసుకుని, "చెప్పాం కదా, శుక్రవారం అంతా బంద్" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది వీళ్ళే. పుకారు అలాగే బతుకుతోంది.

దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళది ఇంకో లెక్క. అక్కడ 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు, ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం సగం పూట పని. అదే లెక్క ఒమాన్‌కూ వేసుకుని, ఇక్కడ శుక్రవారం సెలవన్న సంగతే మర్చిపోతారు.

నేను చెప్పేది ఒకటే. గురువారం సాయంత్రం వెళ్ళి రాత్రి నిజ్వాలో ఉండండి. కోట పక్కన అల్ అఖ్ర్ అనే పాత పేట ఉంది. పడిపోతున్న మట్టి ఇళ్ళను బాగుచేసి బస గదులుగా, కాఫీ హోటళ్ళుగా మార్చారు. అక్కడ దిగితే పొద్దున్నే సంతకు నడిచిపోవచ్చు. ఉండడం కుదరకపోతే మస్కట్‌లో నాలుగున్నరకు బయల్దేరండి. పిల్లలు బండిలో పడుకుంటారు.

సంత జరిగే తీరు చెప్తాను. మధ్యలో కప్పు వేసిన గుండ్రటి అరుగు. దాని చుట్టూ దారి, దారికి అవతల ఇంకో వరుస జనం. కొనేవాళ్ళు రెండు వైపులా నిలబడి ఉంటే, అమ్మేవాళ్ళు, దళారులు మేకను తాడు పట్టుకుని ఆ దారిలో తిప్పుతూ ధర అరుస్తుంటారు. నచ్చిన వాళ్ళు చెయ్యి ఊపి ఆపుతారు, వయసు తెలియడానికి నోరు తెరిచి పళ్ళు చూస్తారు, వెన్ను, పొదుగు తడుముతారు, ఒక మాట చెబుతారు. కుదరకపోతే మేక మళ్ళీ కదులుతుంది. ముఖానికి బురఖా ముసుగు కట్టుకున్న బెదూయిన్ ఆడవాళ్ళు కూడా బేరంలో దిగుతారు, వాళ్ళ దగ్గర పైసా తగ్గించడం మగవాళ్ళ తరం కాదు. ఈద్ ముందు రోజుల్లో హబ్తా అనే ప్రత్యేక సంతలు జరుగుతాయి. అప్పుడు జనం, ధరలు రెండూ పెరుగుతాయి. మీరు చేయాల్సింది ఒక్కటే, దారిలో అడ్డం నిలబడకండి. సెల్ఫీ కోసం మధ్యలోకి వెళ్ళి కొమ్ముపోటు తిన్నవాళ్ళు ఉన్నారు.

"అక్కడే కోస్తారట కదా, పిల్లలు భయపడరా?" అని తల్లులు అడుగుతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇది ప్రాణంతో ఉన్న జీవాలను అమ్మే చోటు, ఆ వలయంలో కోత ఉండదు. నిజామాబాద్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ ఇదే భయంతో బండి దిగనంది. కోడలు బతిమాలితే దిగింది. అయిదు నిమిషాలయ్యాక చూస్తే వరుసలో ముందు నిలబడి ఉంది. ఒక పోతును ఆపించి, పెదవి పైకి లాగి, "రెండు పళ్ళే, ఇంత చెబుతాడేంది" అంది తెలంగాణ మాటలో. పక్కనున్న ఒమానీ ముసలాయనకు ఆ మాట అర్థం కాలేదు గానీ, ఆమె రెండు వేళ్ళు చూపగానే పెద్దగా నవ్వి, అమ్మేవాడితో ధర తగ్గించమని ఆమె తరఫున వాదనకు దిగాడు. ఆమె కొనలేదు. కొడుకు అపార్ట్‌మెంటులో మేకను ఎక్కడ కట్టేస్తుంది! దారంతా కోడలికి మేకల గురించి చెబుతూనే ఉంది.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఆడవాళ్ళు బుర్ఖా వేసుకోవాలి, బొట్టు తీసేయాలి.
వాస్తవం: రెండూ అక్కర్లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు చాలు, మన చుడీదార్ బ్రహ్మాండం. బొట్టు, తాళి ఎవరూ పట్టించుకోరు. ఊళ్ళోని మసీదుల్లోకి ముస్లిమేతరులను మామూలుగా రానివ్వరు. లోపల చూడాలంటే మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు ఉంది. అక్కడ ఆడవాళ్ళు తల కప్పుకోవాలి. అడగకుండా ఆడవాళ్ళ ఫొటోలు మాత్రం తీయకండి, ఇందులో రాజీ లేదు.

అపోహ: శాకాహారులు పస్తులే.
వాస్తవం: పులిహోర డబ్బాలు మోసుకొచ్చే వాళ్ళను చూస్తే జాలేస్తుంది. ప్రతి వీధిలో మలయాళీలు నడిపే కాఫీ షాప్ ఉంటుంది. పరోటాలో చీజ్, 'చిప్స్ ఒమాన్' అనే ఇక్కడి ఆలూ చిప్స్ నలిపి చుట్టిస్తారు, కరక్ చాయ్ (చిక్కటి పాల టీ) ఇస్తారు. ఫూల్ (ఉడికించిన బాకలా గింజలు), హమ్ముస్ (శనగల ముద్ద), ఫలాఫెల్ (శనగల వడలు) దొరుకుతాయి. మాంసం తినేవాళ్ళకు ఇంకో మాట: హరీస్ తిని "ఉప్పూ కారం లేదు" అనకండి. గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి, అంతే దాని రుచి. మన హలీం దాని హైదరాబాదీ వారసుడు, మసాలా మనం కలిపింది. షువా పండగ వంట. మసాలా పట్టించిన మాంసాన్ని ఆకుల్లో చుట్టి, భూమిలో తవ్విన పొయ్యిలో ఒకటి రెండు రోజులు పూడ్చి ఉడికిస్తారు. ఏ రోజైనా రోడ్డు పక్కన దొరుకుతుందనుకోకండి.

అపోహ: ఒమానీ హల్వాలో జంతువుల కొవ్వు ఉంటుంది.
వాస్తవం: జిగటగా కదులుతుంటే జెలటిన్ అనుకుంటారు. అది గంజిపిండి. చక్కెర, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, పన్నీరు (రోజ్ వాటర్) వేసి పెద్ద గుండిగలో గంటల తరబడి కలియబెడతారు. దుకాణంలో చెంచాతో రుచి చూపిస్తారు. చూసి కొనండి, మొహమాటం వద్దు. దానితో పాటు చిన్న కప్పులో ఖావా (అరబ్బు కాఫీ) వస్తుంది. కుడిచేత్తో అందుకోండి. తాగేశాక కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకుండా చేతిలో పట్టుకుని కూర్చుంటే పోస్తూనే ఉంటారు, తప్పు వాళ్ళది కాదు.

అపోహ: అన్నిటికీ సగానికి బేరమాడాలి.
వాస్తవం: ఖర్జూరం, హల్వా ధరలు దాదాపు స్థిరం. ఖలాస్ రకం ఖరీదెక్కువ, రుచి చూస్తే ఎందుకో తెలుస్తుంది. వెండి నగలు, ఖంజర్ల (వంపు బాకుల) దగ్గర బేరం ఆడొచ్చు. ఖంజర్ కొంటే చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. బజారులో మన దేశం నుంచి దిగుమతైన సరుకూ చాలా ఉంటుంది, అడిగి కొనండి. స్థానికంగా చేసిందే కావాలంటే బహ్లా మట్టికుండలు చూడండి. ఆ ఊరు నిజ్వాకు దగ్గరే.

కోట గురించి ఎవరికీ అపోహలు లేవు, ఆసక్తీ లేదు. అదే నా బాధ. 17వ శతాబ్దంలో అప్పటి పాలకుడు ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు, పన్నెండేళ్ళు పట్టిందంటారు. ఖర్జూరం బస్తాలు ఒకదానిపై ఒకటి పేర్చి, కారిన రసాన్ని నేలలోని గాడుల ద్వారా పట్టే గది చూడండి. ఆ రసాన్నే మరిగించి శత్రువుల నెత్తిన పోసేవాళ్ళు. శుక్రవారం కోట వేళలు వేరుగా ఉంటాయి, ముందు రోజే అడిగి పెట్టుకోండి.

డబ్బు దగ్గర కొత్తవాళ్ళు దెబ్బ తింటారు. దుబాయ్ దిర్హమ్ అలవాటులో "పది రియాలే కదా" అనేస్తారు. ఒక రియాల్ దాదాపు రెండున్నర డాలర్ల పైమాట, మన రూపాయల్లో రెండు వందలు దాటుతుంది. రియాల్‌కు వెయ్యి బైసాలు. 1970 వరకు ఇక్కడ చెలామణిలో ఉన్నది రూపాయే, ఇప్పుడు కాదు! సంతలో, చిన్న దుకాణాల్లో కార్డు నడవకపోవచ్చు, చిల్లర నోట్లు ఉంచుకోండి. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్ళు మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, యూఏఈలో అవి నిషేధం. అమ్మ కట్టిచ్చిందంటే ఎయిర్‌పోర్టులో ఎవరూ వినరు.