తామర గింజను మొలకెత్తించడం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. తామర గింజలను నీళ్ళలో వేసి వారాల తరబడి చూసినా మొలక రాలేదని రాశారు. అవి చచ్చిపోయాయని అప్పుడే పారవేయకండి. తామర గింజ పెంకు నీటిని లోపలికి ఇంకనివ్వదు. నీరు తగలనంతకాలం లోపలి మొలక నిద్రలోనే ఉంటుంది. ఆ నిద్ర ఎంత దీర్ఘమైనదో వింటే మీకు నమ్మబుద్ధి కాదు. 1951లో జపాన్‌లోని చిబా దగ్గర జరిపిన తవ్వకంలో ఇచిరో ఓగా అనే వృక్షశాస్త్రవేత్తకు పాత గింజలు మూడు దొరికాయి. సుమారు 2,000 ఏళ్ళ నాటివని ఆయన అంచనా వేసిన ఆ గింజలలో ఒకటి మొక్కై, 1952 జూలైలో పూసింది.

చెరువు బురదలో ఏళ్ళ మీద జరిగే అరుగుదలను మనం కొద్దిసేపట్లో చేయాలి. గింజకు ఒక కొన కాస్త మొనదేలి ఉంటుంది, రెండో కొనలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట ఉన్న కొనను ఆకురాయి మీదగాని గరుకు కాగితం మీదగాని ఓపికగా రుద్ది, నల్లని పెంకు కింద మీగడ రంగు పొర కనబడగానే ఆపండి. పప్పులోకి పోతే గింజ కుళ్ళిపోతుంది. గింజ జారి వేళ్ళు గీసుకుపోవచ్చు కనుక చిన్నవాళ్ళు ఈ పనిని పెద్దల చేత చేయించుకోవాలి.

తరువాత గింజలను గాజు గ్లాసులో గోరువెచ్చని నీటిలో వేసి, వెచ్చగా, వెలుతురు పడే చోట ఉంచండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి వాటికి హాయి. నీటిని రోజూ మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో గింజ బాగా ఉబ్బుతుంది. ఉబ్బకపోతే రుద్దింది చాలలేదన్నమాట, ఇంకొంచెం రుద్దండి. మామూలుగా వారం పది రోజులలోపే పెంకు చీలి, పచ్చని మొలక బయటికి వస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. శనగ, పెసర వంటి గింజలు ముందుగా వేరు వేస్తాయి. తామర మాత్రం ముందుగా ఆకును పంపుతుంది. చీకటి పెంకులో ఉండగానే ఆ మొలక పచ్చగా ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురమే. వేరు లేదే అని భయపడి దానిని మట్టిలో గుచ్చకండి. మూడు నాలుగు ఆకులు వచ్చాక కాడ కణుపుల దగ్గర తెల్లని వేళ్ళు పుడతాయి. అప్పటిదాకా దానికి కావలసిన తిండి గింజలోనే ఉంది, కాబట్టి ఎరువు అక్కరలేదు.

వేళ్ళు కనబడ్డాక అడుగున రంధ్రం లేని వెడల్పాటి తొట్టిలో బంకమట్టి పోసి, గింజను పైపైన నాటి, లేత ఆకులు తేలేంత నీరు మెల్లగా పోయండి. కుండీల కోసం అమ్మే తేలిక మట్టి నీటిపైకి తేలిపోతుంది, అది వద్దు. రోజుకు ఆరు గంటల ఎండ ఉండాలి. తొలి ఆకులు నీటిమీద పరచుకుంటాయి. మొక్క బలపడ్డాక వచ్చేవి నీటికి పైన నిటారుగా నిలుస్తాయి.

మొదటి ఏడాది పువ్వు రాకపోవడం మామూలే. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిని పోలకపోవచ్చు కూడా. అదే రంగు పువ్వు కావాలనుకునేవారు దుంప ముక్కను నాటుకోవాలి. తొట్టిలో దోమలు పెరగకుండా చిన్న చేపలను వదలండి, పసిపిల్లలను ఒంటరిగా దాని దగ్గరకు పోనివ్వకండి.

ఇట్లు,
మీ తాతయ్య