ముందు మొక్కలు కొనొద్దు పిలకాయలూ

ప్రియమైన పిలకాయలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు పంపిన ఫొటోలు మీ మామయ్య తన ఫోన్‌లో పెద్దవి చేసి చూపించాడు. సంక్రాంతికి ఇంక రెండు వారాలే ఉంది, చుట్టాలంతా నెల్లూరులో మన ఇంటికే వస్తున్నారు, ఈలోపు ఇంటి ముందు తోట బాగా కనపడాలి, ఏ మొక్కలు కొనమంటావు అని అడిగారు కదా. ఫోన్‌లో చెప్తే సగం చెవిన పడుతుంది, సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు మొక్కలు కొనొద్దు. మీ తోటలో మొక్కలు తక్కువై కాదు బాగా లేనిది. గేటు నుంచి గోడ దాకా పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న చోటు అది. అందులో ఇరవైకి పైగా కుండీలు, పెయింటు డబ్బాలు, మూల మీద విరిగిన బకెట్టు, చుట్ట చుట్టకుండా పడేసిన పైపు, ఇల్లు కట్టినప్పటి ఇసుక బస్తా ఉన్నాయి. ఏ మొక్కకామొక్క బాగానే ఉంది. చూపు మాత్రం ఎక్కడా నిలవట్లేదు. చిన్న తోటలో ముందు తీసెయ్యడం నేర్చుకోవాలి, పెట్టడం తర్వాత.

ఇది నాకు ఊరికే తెలియలేదు. మీ అమ్మ పెళ్లి కుదిరిన ఏడాది, కడియం నుంచి వచ్చిన మొక్కల బండి మన వీధిలో ఆగింది. తలా ఒక రంగు పూలున్న మొక్కలు ఇరవై ఐదు కొని, వాకిట్లో ఖాళీ కనపడిన చోటల్లా నాటాను. తొందరగా ఎదగాలని వేళ్ల దగ్గర పచ్చి పేడ కూడా వేశాను. పచ్చి పేడ మట్టిలో మాగేటప్పుడు వేడి పుడుతుంది, లేత వేళ్లు ఆ వేడికి ఆగవు. పెళ్లినాటికి సగం మొక్కలు మాడిపోయాయి. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చి ఇచ్చిన కనకాంబరం కూడా వాటితోనే పోయింది. ఆ రంగు కనకాంబరం నాకు మళ్లీ దొరకలేదు. అందుకే మీరు ఏ ఎరువు వేసినా బాగా మాగి, నలిపితే పొడిపొడిగా రాలి, మట్టి వాసన వచ్చేదే వెయ్యండి.

ఇక పని మొదలుపెట్టండి. మొదటి రోజు కుండీలు, డబ్బాలు అన్నీ ఎత్తి బయట అరుగు మీద పెట్టండి. తోట మొత్తం ఖాళీ అవ్వాలి. బకెట్టు, ఇసుక బస్తా ఇంటి వెనక్కి పంపండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే పెద్ద వానలు, కాబట్టి నేల ఇంకా మెత్తగా ఉంటుంది. కలుపు తియ్యడానికి ఇంతకంటే మంచి అదను లేదు. పొద్దున్నే కూర్చుని వేళ్లతో సహా లాగండి. తుంగతో మాత్రం జాగ్రత్త. పైన పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, కింద నల్లపూసల్లాంటి గడ్డలు దారానికి గుచ్చినట్టు నేలలోనే ఉండిపోతాయి. పది రోజుల్లో మళ్లీ లేస్తుంది, సరిగ్గా పండక్కి. చిన్న గునపంతో జానెడు లోతు తవ్వి ఆ గడ్డలు ఏరండి. గోడ పక్కన గుండ్రటి దళసరి ఆకులు, ఎర్రటి కాడలతో నేల మీద పరుచుకున్నది గంగపాయలాకు. దాన్ని పారెయ్యకండి, మీ అమ్మకిస్తే పప్పులో వేస్తుంది.

రెండో రోజు కుండీల పని. ఫొటోలో మీ మట్టి కుండీలకు తెల్లగా ఉప్పు పట్టింది చూశారా? బోరు నీళ్లలోని సున్నం, ఉప్పు కుండీ గోడల్లోంచి బయటికొచ్చి ఆరిపోయి అలా పేరుకుంటాయి. ఎంత మంచి మొక్క ఉన్నా ఆ చారల వల్ల కుండీ ముసలిదైపోయినట్టు కనపడుతుంది. నెల్లూరులో ఉంటూ నిమ్మకాయలకు వెతుక్కోనక్కర్లేదు కదా. పిండేసిన నిమ్మ డిప్పలు ఇవాళ్టి నుంచే దాచండి. కుండీని నీళ్లతో తడిపి, డిప్పతో తెల్ల చారల మీద రుద్దండి. పులుపు తగలగానే చిన్న చిన్న బుడగలు లేస్తాయి, సున్నం కరుగుతున్నట్టే. పావుగంట ఆగి కొబ్బరి పీచుతో గట్టిగా తోమి నీళ్లు పొయ్యండి. తోమేకొద్దీ కింద నుంచి మట్టి ఎరుపు బయటికొస్తుంది. నిన్న మా తులసి కుండీకి చేశాను. ఒక పక్క తోమి ఇంకో పక్క వదిలేసి, తేడా చూడమని మీ తాతయ్యను పిలిచాను. ఆయన కూడా పీచు తీసుకుని కూర్చున్నారు.

ఆరాక ఎర్ర జాజు నీళ్లలో చిక్కగా కలిపి ఒక పూత వెయ్యండి. పెయింటు డబ్బాలకు జాజు పట్టదు, వాటికి అదే ఎరుపులో పెయింటు వెయ్యండి. పచ్చ డబ్బా, నీలం డబ్బా, కంపెనీ బొమ్మల డబ్బా అన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తే తోటలో సగం గజిబిజి తగ్గుతుంది. సున్నం వెయ్యాలనిపిస్తే గోడకు వేసుకోండి, మిగిలిన సున్నం నీళ్లు మాత్రం మట్టిలో పొయ్యొద్దు. మన నీళ్లలోనే సున్నం ఎక్కువ, ఇంకా కలిస్తే లేతాకులు పసుపు పచ్చగా పాలిపోతాయి.

పెద్ద ఆకుల మొక్కలున్నాయి కదా, క్రోటన్లు, మనీ ప్లాంటు. వాటి ఆకుల కింద అరచెయ్యి ఆనించి, తడి గుడ్డతో ఒక్కో ఆకూ తుడవండి. ఈ పని చిన్నదానికి ఇవ్వండి, దాని చేతులు మెత్తన. దుమ్ము పోగానే కొత్తగా కొన్నట్టుంటాయి.

ఇప్పుడు అంచు సంగతి. తోట బాగుండడానికి ఒక్కటే పని చెప్పమంటే నేను అంచు కట్టమనే చెప్తాను. ఎక్కడ నడవాలో, ఎక్కడ మొక్కలున్నాయో ఒక గీత కనపడాలి. ఆ గీత లేకపోతే మట్టి దారిలోకి, దారి మట్టిలోకి కలిసిపోయి ఊడ్చినా ఊడ్చనట్టే ఉంటుంది. మీ మామయ్య మార్కాపురం వెళ్లినప్పుడు పలకల రాయి ముక్కలు ఒక గోనెసంచి నిండా తెచ్చాడు. నేను అ ఆ లు దిద్దింది ఆ రాతి పలక మీదే. ఆ రాయి పొరలు పొరలుగా విడుతుంది, అందుకే బల్లపరుపుగా, సన్నగా ఉంటుంది. నేలలో నాలుగు వేళ్ల లోతు గాడి తీసి, ముక్కల్ని నిలువుగా పక్కపక్కనే దించి, రెండు వైపులా మట్టి తొక్కండి. అంచు వంకర పోకుండా ముందు రెండు పుల్లలు పాతి దారం కట్టుకోండి. పైన ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు, అడుగు మాత్రం దారం వెంట తిన్నగా పోవాలి. ఒకసారి నీళ్లు చల్లి చూడండి, నల్ల రాయి పక్కన ఎర్ర మట్టి ఎంత బాగుంటుందో! మా చీమకుర్తి గ్రానైటు ముక్కలు పంపమంటారా అంటే, బంగారు చుక్కల నల్లరాయి అందమే కానీ మోతబరువు. మూడే ముక్కలు పంపుతున్నా, పంపు కింద పరుచుకోండి. అక్కడ బురద చిందదు.

కుండీలు మళ్లీ లోపలికి తెచ్చేటప్పుడు అన్నీ తేవొద్దు. బాగా ఉన్నవి పన్నెండు ఎంచండి. మిగతావి డాబా మీద పెట్టుకోండి, వాటికీ ఎండ కావాలి. పొడుగువి గోడ వైపు, పొట్టివి దారి వైపు. విడివిడిగా వరసలో నిలబెట్టకుండా మూడేసి చొప్పున దగ్గరికి చేర్చండి. మూలన మీ నాయనమ్మ రోలు ఉంది చూశారా, మిక్సీ వచ్చాక ఎవరూ ముట్టుకోనిది? దాన్ని కడిగి మధ్యలో పెట్టి, నీళ్లు నింపి, రోజూ నాలుగు పూలు వెయ్యండి. గేటు తీయగానే అందరి చూపూ దాని మీదే పడాలి. నీళ్లు మాత్రం రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఇంత అయ్యాకే మొక్కలు కొనడం. ఒకటే రకం, ఒకటే రంగు. ముద్దబంతి పసుపు రంగుది, పన్నెండు కవర్లు. అంచు వెంట అడుగుకొకటి చొప్పున పది, గేటుకు అటొకటి ఇటొకటి. పన్నెండు రంగులు కొంటే సంతలా ఉంటుంది. ఒకే పసుపు వరసగా పోతే పదడుగుల తోట కూడా పొడుగ్గా అనిపిస్తుంది. పండక్కి వారం ముందు కొనండి. విచ్చిన పూలు చూసి మురిసిపోయి కొనొద్దు, మొగ్గలు ఎక్కువున్నవి చూసుకోండి, భోగినాటికి విచ్చుతాయి. ఎండ తగ్గాక సాయంత్రం కవరు చించి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి చెదరకుండా నాటి, వెంటనే నీళ్లు పొయ్యండి. వాడిన పువ్వును కింద బొడిపెతో సహా తుంచండి. బొడిపెలో విత్తనం కడితే మొక్క బలమంతా అటే పోతుంది, తుంచేస్తే మళ్లీ మొగ్గ వేస్తుంది. గొబ్బెమ్మలకు పూలు కావాలంటే చెట్టుకి రెండు చొప్పున కొయ్యండి, ఒకే మొక్కను బోడిది చెయ్యొద్దు.

మొక్కల మధ్య బోసిగా కనపడే మట్టిని కప్పండి. వేరుశనగ పొట్టు దొరికితే రెండంగుళాల మందాన పరవండి. మైపాడు వైపు వెళ్తే సరుగుడు తోటల కింద రాలిన ఆకు ఉంటుంది, తోట వాళ్లను అడిగి ఒక సంచి తెచ్చుకోండి, గోధుమ రంగులో ఇంకా బాగుంటుంది. వడ్ల ఊక మాత్రం వద్దు, గాలికి ఇంట్లోకొస్తుంది. కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. ఇలా కప్పితే తడి ఆరదు, కలుపు తొందరగా లేవదు.

మందారాన్ని ఇప్పుడు కత్తిరించకండి. కత్తిరిస్తే పండక్కి చిగురు ఉంటుంది, పువ్వు ఉండదు. ఎండు పుల్లలు విరిచేస్తే చాలు. గేటు మీది కాగితం పూల తీగకు రోజూ నీళ్లు పోస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అందుకే అంతా ఆకే ఉంది. మట్టి పైన ఎండితేనే పొయ్యండి. అందులో మనం పూరేకులనుకునే రంగువి నిజానికి ఆకులే, వాటి మధ్య అగ్గిపుల్ల తలంత తెల్లగా ఉండేదే పువ్వు. దగ్గరగా పట్టుకుని చూడండి.

శుక్రవారం మీ మామయ్య పినాకిని రైల్లో వస్తున్నాడు. పలక ముక్కల సంచి, జాజు పొట్లం, తడి గుడ్డలో చుట్టిన గడ్డి గులాబి కొమ్మలు తెస్తాడు. అది గంగపాయలాకుకు చుట్టమే, తుంచి గుచ్చితే బతుకుతుంది. ఎండ బాగా పడే చోట పలక రాళ్ల పక్కన బెత్తెడుకొకటి గుచ్చండి. పండక్కి పూలు రావు, మాఘమాసానికి వస్తాయి. మామయ్య రాగానే సంచి విప్పండి, మూటలో ఉంచితే కుళ్లిపోతాయి. కాఫీ తాగాక చేద్దామంటాడు, వినొద్దు.

మీ అమ్మమ్మ