చాకో వివాదం: అంతా ఆ 33వ నంబరు గదిలో మొదలైంది

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న చాకో కాన్యన్ అనే లోయ మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. అక్కడ ప్యూబ్లో అనే మూలవాసుల పూర్వీకులు కట్టిన ప్రాచీన శిథిలాల చుట్టూ 10 మైళ్ళ మేర ప్రభుత్వ భూముల్లో చమురు, గ్యాస్‌కు కొత్త లీజులు ఇవ్వకూడదని 2023 జూన్‌లో అప్పటి అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రి డెబ్ హాలండ్ ఉత్తర్వు ఇచ్చారు. 20 ఏళ్ళ పాటు అమల్లో ఉండాల్సిన ఆ ఉత్తర్వు కిందికి సుమారు 3.36 లక్షల ఎకరాలు వచ్చాయి. తర్వాత ప్రభుత్వం మారింది. దాన్ని ఎత్తేసే ప్రతిపాదనపై 2025 చివర్లో తెగలతో సంప్రదింపులు మొదలయ్యాయి. రక్షణ వలయం ఉండాల్సిందేనని ప్యూబ్లో తెగలు అంటుంటే, అక్కడే ఉండే మరో మూలవాసి తెగ నవాహో నేషన్ వద్దంటోంది.

చాకోలో అంత పెద్ద భవనాలు ఎలా కట్టారు, ఎందుకు వదిలి వెళ్ళారు అన్న కథ చాలామంది చదివిందే, అందుకే దాని జోలికి వెళ్ళడం లేదు. నాకు అర్థమైనంతలో ఈ గొడవకు అసలు ముడి అక్కడి ప్యూబ్లో బొనీతో అనే భవనంలోని ఒక చిన్న గదిలో పడింది.

ఆ గది నంబరు 33. అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు ఉంటుంది, అంటే మన ఇళ్ళలో స్టోర్ రూమ్ అంత. 1896లో హైడ్ ఎక్స్‌పెడిషన్ అనే తవ్వకాల యాత్ర పేరుతో జార్జ్ పెపర్, రిచర్డ్ వెదరిల్ బృందం దాన్ని తవ్వింది. లోపల 14 మంది అస్థికలు దొరికాయి. వారిలో ఇద్దరిని చెక్కలు పరిచిన నేల కింద, టర్కోయిజ్ అనే నీలిరంగు రాయితో చేసిన వేల పూసల మధ్య పడుకోబెట్టారు. ఎంతో గౌరవంతో సాగనంపిన మనుషులని చూడగానే తెలుస్తుంది. వారిని తవ్వి తీసి, పెట్టెల్లో సర్ది, న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి పంపేశారు.

అప్పటికి వారి వారసులు లేరా అంటే, ఉన్నారు. అకోమా, లగూనా, జూని, హోపి అనే ప్యూబ్లో తెగల ఊళ్ళు అప్పుడూ జనంతో ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మా పెద్దలు చాకో మీదుగా వచ్చారని వాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. తవ్వినవాళ్ళు మాత్రం ఆ మాట అడగలేదు. పైగా ఆ కట్టడాల వాళ్ళకు ‘అనసాజి’ అని పేరు స్థిరపడింది. అది నవాహో మాట. ‘శత్రువుల పూర్వీకులు’ అని దాని అర్థం చెబుతారు. మీ తాతముత్తాతల సమాధి దగ్గర అలాంటి బోర్డు చూస్తే మీకెలా ఉంటుంది? ఆ పేరు మార్చి ‘పూర్వ ప్యూబ్లో ప్రజలు’ అనిపించుకోవడానికే వాళ్ళకు దశాబ్దాలు పట్టింది.

అమెరికాలో ఉంటూ, లాంగ్ వీకెండ్‌లో ఇలాంటి శిథిలాలే ఉన్న మెసా వెర్డే చూసి అటు నుంచి చాకో వెళ్ళే మనవాళ్ళు కూడా ఉన్నారు. మట్టిరోడ్డు మీద కారు ఊగిపోతుంది. వంగితే తప్ప దూరలేని గుమ్మాలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. సందర్శకుల కేంద్రంలోని చిన్న మ్యూజియానికి వెళ్ళాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడ దొరికినవన్నీ ఎక్కడ? పార్కు సేకరణ అల్బుకర్కీలోని యూనివర్సిటీలో భద్రంగా ఉంది. హైడ్ బృందం తీసుకెళ్ళినవి న్యూయార్క్‌లో ఉన్నాయి. ఊరు ఒకచోట, ఊరి మనుషుల ఎముకలు ఇంకోచోట.

1990లో అమెరికా ఒక చట్టం చేసింది. మ్యూజియాల్లోని మూలవాసుల అస్థికలను వారసులకు తిరిగి ఇవ్వాలన్నది దాని సారం. కానీ ‘సాంస్కృతికంగా ఎవరివో గుర్తించలేనివి’ అనే ఖాతా ఒకటి మిగిలింది. 33వ గది వాళ్ళను అందులోనే వేశారు. 2017లో ఆ ఎముకల డీఎన్ఏ మీద పరిశోధన వెలువడింది. తొమ్మిది మంది ఒకే తల్లి వంశం వారని, ఆ వంశం దాదాపు 330 ఏళ్ళు అక్కడ సాగిందని తేలింది. గొప్ప ఫలితమే. కానీ ఆ పనికి ముందు ఏ ప్యూబ్లో తెగనూ సంప్రదించలేదు. ఎవరివో తెలియదని చెప్పిన ఎముకల్లో వంశవృక్షం వెతకడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళ బాధ బయటపడింది ఇక్కడే అని నేను అనుకుంటాను. 2024 జనవరిలో వచ్చిన కొత్త నిబంధనలు ఆ ఖాతాను తీసేశాయి. తెగల సమ్మతి లేకుండా అలాంటివి ప్రదర్శించకూడదనీ చెప్పాయి.

2025 ఏప్రిల్ చివర్లో కథ తిరగబడింది. సుమారు 300 మంది ఉన్న పికురిస్ అనే ప్యూబ్లో తెగ పెద్దలు అంతకు ముందే తామే డీఎన్ఏ శాస్త్రవేత్తలను పిలిచారు. చాకో భవిష్యత్తు చర్చల్లో తమ మాట లెక్కలోకి రావడం లేదన్నది వాళ్ళ బాధ. పని ఏ దశలోనైనా ఆపే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇప్పటి పికురిస్ మనుషులకూ నాటి చాకో మనుషులకూ దగ్గరి బంధుత్వం ఉందని ‘నేచర్’ పత్రికలో ఆ ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. వాళ్ళ అమ్మమ్మలు చెప్పిందే అది.

నవాహో వైపు వాదన కూడా చెప్పాలి. చాకో చుట్టూ చాలా నవాహో కుటుంబాలకు ప్రభుత్వం కేటాయించిన సొంత భూములున్నాయి. నిషేధం వాటికి నేరుగా వర్తించదు. కానీ పక్కనున్న ప్రభుత్వ భూమిలో తవ్వకం ఆగితే తమ భూమిలోనూ చమురు బావి పడదని, రాయల్టీ పోతుందని వాళ్ళ టెన్షన్. ఒకప్పుడు ఐదు మైళ్ళ వలయానికి ఒప్పుకున్న నవాహో నేషన్ తర్వాత వెనక్కి తగ్గి, 2025 జనవరిలో ఉత్తర్వు మీద కోర్టుకెక్కింది. హాలండ్ స్వయంగా లగూనా ప్యూబ్లో మనిషి కావడం కూడా విమర్శలకు తావిచ్చింది.

ఆ కేసులో తమ వాదన కూడా వినాలని అకోమా, లగూనా ప్యూబ్లోలు కోర్టును అడిగాయి. 1896లో 33వ గది తవ్వినప్పుడు వాళ్ళకు అలా అడిగే చోటే లేదు.